ఆ తండ్రి పేరు ఎవరు రాయమన్నారు?

ఫ్రెండ్స్, మళ్ళీ అదే గొడవ! వంశవృక్షంలో రుజువు లేని తండ్రిని ఎక్కించాలా, ఆ గడి ఖాళీగా వదిలేయాలా? "ముందు పెట్టేద్దాం, తర్వాత సరిచేసుకోవచ్చు" అంటున్నారు కొందరు. నేను ఖరాఖండిగా చెప్తున్నా: ఊహ మీద గీసిన గీత అబద్ధమే. తర్వాత ఎవరూ సరిచేయరు!

1850 నాటి అమెరికా జనాభా లెక్కలు తీయండి. ఒక ఇంట్లో నలభై రెండేళ్ల మగమనిషి, ముప్ఫై ఏళ్ల ఆడమనిషి, పదిహేనేళ్ల కుర్రాడు ఉన్నారనుకోండి. ముగ్గురిదీ ఒకటే ఇంటిపేరు. చూడగానే నాన్న, అమ్మ, కొడుకు అని రాసేస్తారు. అసలు ఇంటి పెద్దకు ఎవరేమవుతారో రాసే కాలమే ఆ కాగితంలో లేదండీ! అది వచ్చింది 1880లో. ఆ కుర్రాడు తమ్ముడి కొడుకు కావచ్చు. ఆవిడ రెండో భార్య కావచ్చు, చెల్లెలు కూడా కావచ్చు.

ఆ గీతను ఇంకొకరు కాపీ కొడతారు, వాళ్లను చూసి మరొకరు. చివరికి "ఇన్ని వృక్షాల్లో ఇలాగే ఉంది కదా" అని దాన్నే సాక్ష్యంగా మన ముందు పెడతారు. ఇన్ని కాదు, అంతా కలిపి ఒక్కటే!

గుస్తావ్ ఆంజూ గుర్తున్నాడా? డబ్బున్న అమెరికన్లకు దొంగ వంశావళులు తయారుచేసి అమ్మినవాడు. 1942లో చచ్చిపోయాడు. ఆయన పుట్టించిన పూర్వీకులు ఇంకా పోలేదు.

డీఎన్ఏ మ్యాచ్ వచ్చిందంటారా? సుమారు 25 శాతం కలిస్తే తాత కావచ్చు, బాబాయి కావచ్చు, తల్లి వేరైన అన్న కావచ్చు. ఎవరో తేల్చాలంటే వయసులు, కాగితాలు చూడాల్సిందే.

నన్నడిగితే అసలు దోషం సాఫ్ట్‌వేర్‌ది. వంశవృక్షాలను పంచుకునే గెడ్‌కామ్ ఫైల్‌లో తల్లిదండ్రుల బంధం పక్కన రుజువైంది, వివాదంలో ఉంది, తప్పని తేలింది అని గుర్తు పెట్టే చోటుంది. ఆధారం ఎంత గట్టిదో 0 నుంచి 3 దాకా మార్కులు వేయొచ్చు. వాడిన వృక్షం ఒక్కటి చూపించండి నాకు! అందరూ కలిసి ఒకే వంశవృక్షం కట్టే వెబ్‌సైట్ వికీట్రీలో తండ్రి పక్కన అనిశ్చితం అని పెట్టొచ్చు. ఆ గుర్తు ప్రతి చోటా ఎర్రగా కనబడాలి, కాపీ కొట్టినా కూడా రావాలి.

అప్పటిదాకా ఊహను నోట్స్‌లో రాయండి. ఎవరనుకుంటున్నారు, ఏ కాగితం చూసి, ఎక్కడ పొసగడం లేదు, అన్నీ రాయండి. గీత మాత్రం వద్దు. ఈ వీడియో ఆపి మీ వృక్షం తెరవండి. ఒక్కో తండ్రి దగ్గర ఆగి, ఏ కాగితం చెప్పిందో చూడండి. ఏదీ చెప్పకపోతే ఆ గీత ఇప్పుడే తీసేయండి.