రబ్బరు గోలియాత్ సాలీడు రివ్యూ: పిల్లలూ, ఇందులో ఎంత నిజం?

నమస్కారమండి. పిల్లలూ, ఇలా దగ్గరకొచ్చి కూర్చోండి. అమలాపురం దగ్గర మా కొబ్బరితోటలో కూర్చుని ఈ వీడియో చేస్తున్నాను. నా చేతిలో ఉన్నది రబ్బరు సాలీడు. ఆన్‌లైన్‌లో తెప్పించాను. డబ్బా మీద ‘గోలియాత్ బర్డ్ ఈటర్’ అని రాసుంది. మా మేనకోడలికి ఆరేళ్లు. డబ్బా తెరవగానే మంచమెక్కి కూర్చుంది. ‘మావయ్యా, అది మన తోటలోకి వస్తుందా?’ అని ఒకటే టెన్షన్.

రాదమ్మా. అది ఉండేది దక్షిణ అమెరికా వానల అడవుల్లో. వెనిజులా, గయానా, సూరినామ్, ఉత్తర బ్రెజిల్ వైపు. చిత్తడి నేలలో బొరియ చేసుకుని ఉంటుంది. మన వరిచేను గట్టు మీద పీత బొరియలు చూశారు కదా, ఇంచుమించు అలాగే. కాకపోతే లోపల గోడలకి తన దారంతో మెత్తగా పూత వేసుకుంటుంది. డబ్బా మీద మాత్రం చెట్ల మధ్య పెద్ద గూడు అల్లి, దాని మీద కూర్చోబెట్టారు. అది తప్పు.

ఇక సైజు. స్కేలు పెట్టి చూపిస్తాను, చూడండి. ఈ కాలి కొస నుంచి ఆ కాలి కొసకి 28 సెంటీమీటర్లు. ఇది కరెక్టే. బాగా పెరిగిన నిజం సాలీడు కాళ్లు చాపితే అన్నం కంచం నిండిపోతుంది. బరువు 170 గ్రాముల దాకా తూగుతుంది. ప్రపంచంలో ఉన్న సాలీళ్లన్నింటిలో బరువైనది ఇదే.

కెమెరా దగ్గరగా పెడుతున్నాను, మొహం చూడండి. రెండు పెద్ద ఎర్ర కళ్లు పెట్టారు. నిజం సాలీడుకి ఎనిమిది కళ్లుంటాయి. అన్నీ చిన్నవే, నెత్తి మీద ఒక చిన్న గుబ్బ దగ్గర గుంపుగా ఉంటాయి. పాపం, వాటితో సరిగ్గా కనిపించదు. మరి తిండి ఎలా దొరుకుతుంది? ఒంటి మీది వెంట్రుకలతో! దగ్గర్లో ఏది కదిలినా నేల అదురుతుంది, ఆ అదురు వెంట్రుకలకి తెలుస్తుంది. ఈ సాలీడులో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే.

వెంట్రుకలతో ఇంకో పని కూడా ఉంది. మునగచెట్టు గొంగళిపురుగు తగిలితే ఒళ్లంతా ఎలా దురద పెడుతుందో తెలుసుగా? ఈ సాలీడు పొట్ట మీద అలాంటి దురద వెంట్రుకలు ఉంటాయి. ఎవరైనా మీదికొస్తే వెనక కాళ్లతో రుద్ది, వాటిని గాల్లోకి ఎగరేస్తుంది. కళ్లలో పడితే చాలా మంట. బొమ్మకి మాత్రం పొట్ట నున్నగా, గుండులా ఉంది. అసలు బొచ్చు ఉండాల్సిందే అక్కడ!

శబ్దం కూడా చేస్తుంది. ఈ ఈనెల చీపురు రెండు పాయలు పట్టుకుని రుద్దుతాను, వినండి... స్‌స్‌స్. అది కాళ్ల మీది వెంట్రుకల్ని ఒకదానికొకటి రాసి ఇలాగే బుస కొడుతుంది. 15 అడుగుల దూరానికి కూడా వినిపిస్తుంది. ‘నా జోలికి రావద్దు’ అని ముందే చెప్పడమన్నమాట. కోరలు రెండు సెంటీమీటర్ల పైనే ఉంటాయి, కరిస్తే నొప్పి గట్టిగానే ఉంటుంది. కానీ ఆ విషం మనిషి ప్రాణం తీసేంతది కాదు.

మరి పక్షుల్ని తింటుందా? పేరులో ఉంది గానీ, ఎప్పుడో తప్ప తినదు. ఎక్కువగా తినేది వానపాముల్ని. పురుగులు, కప్పలు కూడా తింటుంది. మరియా సిబిల్లా మెరియన్ అనే చిత్రకారిణి సూరినామ్ వెళ్లొచ్చి, ఒక పెద్ద సాలీడు చిన్న పిట్టను తింటున్న బొమ్మ వేశారు. అది 1705లో అచ్చయింది. ఆ పేరు అలా వచ్చింది. డబ్బా మీద కూడా నోట్లో పిట్టనే పెట్టారు. పిల్లలు భయపడేది దాన్ని చూసే.

రెండో రోజుకే ఒక కాలు ఊడొచ్చింది, గమ్ముతో అంటించాను. నిజం సాలీడుకి కాలు పోయినా, పాము కుబుసం విడిచినట్టు పాత తోలు విడిచినప్పుడు కొత్త కాలు మొలుస్తుంది.

పదికి ఆరు మార్కులు ఇస్తాను. సైజు, రంగు బాగున్నాయి, కళ్లు, పొట్ట బాగోలేవు. కొంటే డబ్బా పిల్లలకి చూపించకండి, బొమ్మ ఒక్కటే చేతికివ్వండి.

ఇప్పుడది మా మేనకోడలి దగ్గరే ఉంది. గట్టు వారన గొయ్యి తవ్వి, కొబ్బరి పీచు పరిచి, అందులో పడుకోబెట్టింది. పొద్దున వెళ్లి చూస్తే పక్కన కొబ్బరి చిప్పలో మూడు వానపాములు కూడా ఉన్నాయి.