సోలార్ డ్రయర్‌లో అసలు పని గాలిదే

[తెరపై: గాజు మూత బిగించిన పెట్టె. లోపల టమాటా ముక్కలు, గాజుకు నీటి బొట్లు.]

పెట్టెలో వేడికి కొదవ లేదు. అయినా సాయంత్రానికి ముక్కలు ఆరలేదు. కాయలోంచి వచ్చిన నీరు బయటికి పోయే దారి లేక లోపలే చిక్కుకుంది. సోలార్ డ్రయర్, అంటే ఎండ వేడితో పంటను ఆరబెట్టే పెట్టె, అనగానే చాలామంది వేడి ఎలా పెంచాలా అని చూస్తారు. వేడి వృథా అవుతుందని రంధ్రాలు కూడా మూసేస్తారు. అక్కడే పని చెడుతుంది.

[యానిమేషన్: కింద నుంచి గాలి లోపలికి, పై నుంచి బయటికి.]

30 డిగ్రీల సెల్సియస్ వద్ద గాలిలో సాపేక్ష తేమ, అంటే ఆ వేడిలో గాలి పట్టుకోగల నీటిలో ఇప్పటికే ఉన్న వంతు, 80 శాతం ఉందనుకుందాం. అదే గాలిని 45 డిగ్రీలకు వేడి చేస్తే ఆ తేమ దాదాపు 35 శాతానికి పడిపోతుంది. గాలిలోని నీరు ఏమీ తగ్గలేదు, గాలికి దాహం పెరిగిందంతే! ఆ గాలి ముక్కల మీదుగా సాగి, తేమను పీల్చుకుని, పైనుంచి వెళ్లిపోవాలి. దాని స్థానంలో కొత్త గాలి రావాలి.

[తెరపై: నల్ల రేకు, దానిపై గాజు, పక్కన ట్రేల గది.]

ఇందుకు వాలుగా పెట్టిన నల్ల రేకు, దానిపై గాజు చాలు. మధ్యలో వేడెక్కిన గాలి పైకి లేచి, వల ట్రేలున్న గదిలోకి వెళుతుంది. ముక్కలపై ఎండ నేరుగా పడదు కాబట్టి రంగు, విటమిన్లు బాగా నిలుస్తాయి. రంధ్రాలకు సన్నని వల బిగిస్తే ఈగల బెడద ఉండదు.

జర్మనీలోని హోహెన్‌హైమ్ విశ్వవిద్యాలయం రూపొందించిన టన్నెల్ డ్రయర్‌లో, అంటే సొరంగంలా పొడవుగా ఉండే డ్రయర్‌లో, ఫ్యాను సౌర పలక (సోలార్ ప్యానెల్) కరెంటుతో తిరుగుతుంది. ఎండ పెరిగితే ఫ్యాను వేగమూ పెరుగుతుంది, వేరే నియంత్రణ అక్కర్లేదు. నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఇదే.

[తెరపై: థర్మామీటరు.]

పండ్లకూ కూరగాయలకూ 50 నుంచి 60 డిగ్రీలు సరిపోతాయి. మొదట్లోనే మరీ వేడెక్కితే పైపొర బిరుసెక్కి, లోపలి నీరు బయటికి రాలేదు. విత్తనానికి ఉంచే గింజలైతే 40 డిగ్రీలు దాటనివ్వకండి, మొలక శాతం పడిపోతుంది.

ఎంతవరకు ఆరాలి? మొక్కజొన్నలో తేమ 13 శాతానికి, ఒలిచిన వేరుశనగలో 7 శాతానికి దిగాలి. కోత తర్వాత ఆలస్యం చేయవద్దు. ఆరబెడితే బూజు పెరగడం ఆగుతుంది కానీ, అది అప్పటికే వదిలిన అఫ్లాటాక్సిన్ అనే విషం పోదు.

రంధ్రాలు మూయాల్సింది రాత్రి పూట. చల్లని తేమగాలి తగిలితే ఆరిన పంట మళ్లీ మెత్తబడుతుంది.

[తెరపై: గాజు సీసాలో ఎండు పండ్ల ముక్కలు.]

పండ్ల ముక్కలన్నీ ఒకేలా ఆరవు. చల్లారాక సీసాలో కాస్త ఖాళీ వదిలి నింపి, వారం రోజులు రోజూ కుదపండి. తేమ అన్నిటికీ సమంగా సర్దుకుంటుంది. ముక్కలు ఒకదానికొకటి అంటుకుంటుంటే మళ్లీ ట్రేలోకి మార్చండి.