నాణెంతో గిటార్ వాయించే పెద్దాయన, నా దగ్గరికొచ్చిన ఎర్ర గిటార్: నెల రోజుల రివ్యూ

నమస్కారం అండి. ముందే ఒక విషయం చెప్పేస్తాను. ఈ ఎర్ర గిటార్ నేను కొన్నది కాదు. అమ్మేవాళ్ళు నెల రోజులకని ఊరికే పంపించారు. డబ్బులేమీ ఇవ్వలేదు, వచ్చే గురువారం కొరియర్‌లో తిరిగి పంపేయాలి. "కాస్త మంచిగా చెప్పండి" అని ఒక మెసేజ్ మాత్రం పెట్టారు. కంపెనీ పేరు నేను చెప్పను. ఎందుకో మధ్యలో మీకే అర్థమవుతుంది.

బరువెంత, ఎన్ని రంగుల్లో వస్తుంది, ఇవన్నీ ఈపాటికి నాలుగు ఛానెళ్ళలో చూసే ఉంటారు. వాటి జోలికి వెళ్ళను. పెట్టె విప్పగానే నేను ముందు తీసింది గిటార్ కూడా కాదు, ఇదిగో ఈ చిన్న కవరు. కెమెరాకి దగ్గరగా పెడుతున్నాను, చూడండి. నాణెం! పిక్, అంటే తీగలు మీటే ప్లాస్టిక్ ముక్క, దాని బదులు నాణెం ఇచ్చారు.

బ్రయాన్ మే అని, క్వీన్ అనే ఇంగ్లండ్ రాక్ బ్యాండ్ గిటారిస్టు. పేరు తెలియకపోయినా జుట్టు చూస్తే గుర్తుపడతారు. భుజాల దాకా ఉంగరాల జుట్టు, ఇప్పుడు మొత్తం ముగ్గుబుట్ట అయిపోయింది. 1947లో పుట్టిన మనిషి. ఈ గిటార్ ఆయన గిటార్‌కి నకలు. ఆయన ప్లాస్టిక్ పిక్ పట్టుకోరు. ఇంగ్లండ్‌లో ఒకప్పుడు ఆరు పెన్నీల నాణెం ఉండేది, సిక్స్‌పెన్స్ అంటారు. దాంతోనే వాయిస్తారు. ఆ నాణెం చలామణీ 1980లోనే ఆగిపోయింది, ఈయన చేతిలో మాత్రం ఇప్పటికీ చెల్లుతోంది.

ఈ సంగతి నాకు ఇంటర్లో తెలిసింది. అప్పట్లో నేను రాజోలు దగ్గర మా ఊరి చర్చిలో ఆదివారాలు గిటార్ వాయించేవాణ్ణి. మన కోనసీమలో గిటార్ పట్టుకున్నవాళ్ళలో సగం మంది అలా చర్చిలో నేర్చుకున్నవాళ్ళే. సరే, సిక్స్‌పెన్స్ ఎక్కడ దొరుకుతుంది? మా మామ్మ డబ్బాలో ఖడ్గమృగం బొమ్మ ఉన్న పావలాలు ఉండేవి, ఒకటి తీశాను. రెండు సాయంత్రాలు వాయించానో లేదో ఒకటో తీగ టప్‌మని తెగింది. కొత్తది వేస్తే అదీ తెగింది. తీగల కోసం భీమవరం బస్సెక్కాలి, ఇంట్లో బస్సు ఛార్జీ అడగాలి, ఎందుకో చెప్పాలి. నాన్నగారు "పావలాతో వాయించడమేంట్రా, అడుక్కోడానికా?" అన్నారు.

తప్పు ఎక్కడుందో చాలా ఏళ్ళకి తెలిసింది. సిక్స్‌పెన్స్ రాగి, నికెల్ కలిపిన లోహం. గిటార్ తీగ ఉక్కు. రెండూ రాసుకుంటే అరిగేది నాణెం, తీగ కాదు. మన పావలా స్టీలు. అదీ తేడా. ఇంకోటి, సిక్స్‌పెన్స్ అంచు చుట్టూ సన్నటి గాట్లుంటాయి. మామ్మ పావలా అంచు నున్నగా ఉండేది. ఆ గాట్లు తీగని తాకేటప్పుడు మాటలో మొదటి అక్షరం వత్తి పలికినట్టు ఒక చిన్న గరుకు శబ్దం వస్తుంది.

వినండి. ఇది ప్లాస్టిక్ పిక్. ఇప్పుడు నాణెం, చదునుగా పట్టుకుని. ఇప్పుడు అదే నాణెం, కాస్త వంచి. విన్నారా ఆ గరగర? ప్లాస్టిక్ పిక్ వంగుతుంది, కాబట్టి వేళ్ళు కాస్త మొరటుగా ఉన్నా సర్దేస్తుంది. నాణెం వంగదు. సర్దుకోవాల్సింది మన వేళ్ళే. మొదటి వారం నాకు చిరాకొచ్చింది, రెండో వారం నుంచి ప్లాస్టిక్ పిక్ పట్టుకుంటే రబ్బరు ముక్క పట్టుకున్నట్టుంది. ఈ నెలలో నాకు బాగా నచ్చింది ఇదే. ఇంత ఖరీదైన గిటార్ పెట్టెలో అన్నిటికంటే చవకైన వస్తువు!

ఇప్పుడు గిటార్ సంగతి. అసలు గిటార్ కొన్నది కాదండి, ఇంట్లో చేసుకున్నది. 1963లో ఈయనకి పదహారేళ్ళు. కొనే స్తోమత లేదు. వాళ్ళ నాన్న హెరాల్డ్‌గారికి ఎలక్ట్రానిక్స్ బాగా తెలుసు, చెక్కపనీ వచ్చు. తండ్రీకొడుకులు కూర్చుని రెండేళ్ళ పాటు చేశారు. గిటార్ మెడకి చెక్క ఎక్కడిదంటే, ఎవరో పాతిల్లు బాగుచేయించుకుంటూ తీసేసిన చలిమంట గూటి దిమ్మ. దాన్నిండా పురుగు తొలిచిన కన్నాలు. వాటిలో అగ్గిపుల్లలు దూర్చి మూసేశారు! ఒంటికి పాత టేబుల్ చెక్క. గిటార్ మెడ మీద మెట్ల గుర్తులకి వాళ్ళమ్మ కుట్టుపెట్టెలోని ముత్యపు చిప్ప గుండీలు.

మా ఊళ్ళో మండువా ఇళ్ళు కూల్చేటప్పుడు మా వడ్రంగి బాబాయి పొద్దున్నే వెళ్ళి నిలబడేవాడు, టేకు దూలాల కోసం. కొత్త చెక్క మన గోదావరి తేమకి ఉబ్బుతుంది, వంగుతుంది. వందేళ్ళు ఎండిన దూలం ఎటూ పోదు. బ్రయాన్ మే కథ చెప్తే బాబాయికి ఆశ్చర్యమే లేదు. "మరి పాత చెక్క కాకపోతే ఇంకేం వాడతారు?" అన్నాడు.

ఇక నా కడుపుమంట. ఈ కమ్మీ చూశారా, ట్రెమోలో అంటారు. దీన్ని నొక్కితే తీగలన్నీ ఒక్కసారి వదులై స్వరం జారుతుంది, వదిలితే మళ్ళీ మొదటి స్వరానికి రావాలి. రావాలి! అసలు గిటార్‌లో దీన్ని కత్తి అంచు లాంటి ఉక్కు ముక్క మీద నిలబెట్టారు, తక్కెడ ముల్లు ఆనే చోటులాగా. రాపిడి దాదాపు ఉండదు. తీగల బిగువుని నిలవరించడానికి 1928 నాటి పాంథర్ మోటార్‌సైకిల్ వాల్వు స్ప్రింగులు రెండు పెట్టారు. పట్టుకునే కమ్మీ సైకిల్ సీటు వెనక సంచి తగిలించే ఊచ, దాని కొసకి అమ్మ అల్లిక సూది ముక్క. ఇలా చేసింది ఇన్ని దశాబ్దాలు స్టేడియాల్లో తట్టుకుంది. ఫ్యాక్టరీలో చేసిన నకలు నా గదిలో ఒక్క పాట తట్టుకోవడం లేదు. రెండుసార్లు నొక్కితే మూడో తీగ దిగిపోతుంది. శృతి చేసి మళ్ళీ నొక్కితే మళ్ళీ అంతే. మాకు సముద్రం దగ్గర, ఉప్పుగాలికి పదిహేను రోజుల్లో దాని మరలకి తుప్పు చుక్కలు కూడా వచ్చాయి.

ఇదేంటని మెసేజ్ పెడితే "వాతావరణం వల్ల అండి" అన్నారు. వాతావరణం వల్లట! ఆ మెసేజ్ చూశాకే పేరు చెప్పకూడదని నిర్ణయించుకున్నాను, చెప్తే తిట్టేస్తానని. చివరికి బాబాయి చూసి, తీగ ఆనే గాళ్ళలో పెన్సిలు ముక్కు అరగదీసి ఆ పొడి వేశాడు. సగం నయమైంది. మిగతా సగం ఆ తుప్పు మరల దగ్గర రాపిడి. సాంపిల్ కాబట్టి ఆకురాయి పెట్టనివ్వలేదు, లేకపోతే అదీ చూసేవాడు.

మెచ్చుకోవాల్సింది ఒకటుంది, ఈ ఆరు స్విచ్చులు. తీగల కదలికని కరెంటుగా మార్చే పికప్పులు మూడు, ఒక్కోదానికి రెండేసి. పైవి ఆన్, ఆఫ్. కిందవి ఆ పికప్పు శబ్దాన్ని తలకిందులు చేస్తాయి. అంతర్వేది దగ్గర చూశారా, పాటుకి గోదావరి, సముద్రం ఒకే వైపు లాగుతాయి. పోటుకి సముద్రం ఎదురొస్తుంది, రెండూ కొట్టుకుని నీళ్ళు అక్కడే ఆగినట్టుంటాయి. ఇదీ అంతే. రెండు పికప్పులు ఒకే వైపు ఉంటే నిండైన శబ్దం. ఒకదాన్ని తిప్పితే బరువైన భాగం ఒకదాన్నొకటి కొట్టేసుకుని, సన్నగా ముక్కుతో పాడినట్టు మిగులుతుంది. రాత్రి రెండింటి వరకూ వీటితోనే ఆడుకున్నాను, మా ఆవిడ సాక్షి.

ఆంప్, అంటే గిటార్ శబ్దం పెంచే పెట్టె, దాని గురించి ఒక్క మాట. వాళ్ళ బ్యాండ్‌లో బాస్ వాయించే జాన్ డీకన్ లండన్ వీధిలో చెత్తడబ్బాలో ఒక సర్క్యూట్ బోర్డు చూసి ఇంటికి తెచ్చి, చిన్న స్పీకర్ పెట్టెలో బిగించారు. బ్యాటరీతో నడిచేది. ఆ బుల్లి పెట్టెతో ఈయన రికార్డింగుల్లో బాజాలు, వయొలిన్లు మోగినట్టు వాయించారు. మా ఊరి కరెంటుకి అలాంటిది ఒకటి కావాలండి నాకు.

ఇక బ్రయాన్ మే నాన్నగారి సంగతి. కొడుకుతో కలిసి గిటార్ చేసింది ఆయనే కదా, కొడుకు అదే గిటార్ పట్టుకుని చదువు మానేస్తుంటే ఒప్పుకోలేదు. బ్రయాన్ మే 1970లో ఇంపీరియల్ కాలేజీలో పీహెచ్‌డీ మొదలుపెట్టారు. సూర్యుడి చుట్టూ తిరిగే ధూళి మీద పరిశోధన. నాలుగేళ్ళకి బ్యాండ్ కోసం వదిలేశారు. ఇంట్లో మాటలు కరువయ్యాయి. కొన్నేళ్ళకి అమ్మానాన్నల్ని కాంకార్డ్ విమానంలో న్యూయార్క్ తీసుకెళ్ళి, మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో తన కచేరీ చూపించారు. ఆ విమానం దిగడానికి వాడే పరికరాల మీద హెరాల్డ్‌గారు పని చేశారు, కానీ అప్పటిదాకా అందులో ఎప్పుడూ ఎక్కలేదు! ఆ రాత్రి కచేరీ అయ్యాక కొడుకు చేయి పట్టుకుని, ఇప్పుడు అర్థమైందన్నారు.

తర్వాత 2002లో ఎలిజబెత్ రాణి స్వర్ణోత్సవానికి బకింగ్‌హామ్ ప్యాలెస్ పైకప్పు మీద నిలబడి వాళ్ళ జాతీయ గీతం వాయించారు, అగ్గిపుల్లలు దూర్చిన ఆ గిటార్‌తోనే. 2007లో ఆ ధూళి థీసిస్ పూర్తి చేసి డాక్టర్ అయ్యారు. మధ్యలో ముప్పై ఏళ్ళు దాటింది. బీటెక్ బ్యాక్‌లాగులున్న తమ్ముళ్ళూ, ఈ ముక్క ఇంట్లో వాడుకోండి, నా పేరు చెప్పకండి.

కొనాలా వద్దా? స్విచ్చులకి పదికి తొమ్మిది. చూడ్డానికి పదికి పది. ట్రెమోలో తలుచుకుంటే ఆ మార్కులన్నీ వెనక్కి లాక్కోవాలనిపిస్తోంది. ఈ డబ్బుకి మంచి సెకండ్ హ్యాండ్ బండి వస్తుంది, నేనైతే కొనను. హైదరాబాద్‌లోనో ఎక్కడో పొడిగా ఉండే చోట మీరుంటే, ట్రెమోలో ముట్టుకోనని ఒట్టేసుకోగలిగితే, ఒకసారి షాపులో వాయించి చూడండి.

గురువారం ప్యాక్ చేసి పంపేస్తాను. పెట్టెలో ఏమేం ఉండాలో లిస్టు పంపారు: గిటార్, కేబుల్, తాళం, బ్యాగు, నాణెం. నాలుగు పంపుతున్నానండి. నాణెం పోయిందని చెప్తాను. వాళ్ళు ఈ వీడియో చూస్తే, అది వాతావరణం వల్ల పోయింది.