లీకు లేదు, ఆయిల్ తగ్గలేదు... మరి బ్రేక్ పెడల్ ఎందుకు దిగిపోతోంది?

(టేబుల్ మీద వాషర్ విప్పిన సైకిల్ పంపు, నిలువుగా కోసిన పాత మాస్టర్ సిలిండర్, రెండు స్టీలు గిన్నెలు, గాజు గ్లాసులో నీళ్ళు.)

"లీకు ఎక్కడా లేదు సార్. మాస్టర్ బాగానే ఉంది. గాలి పట్టింది, బ్లీడింగ్ చేస్తే సరిపోతుంది."

పాత కారు ఉన్నవాళ్ళు ఈ మాట వినే ఉంటారు. మాస్టర్ అంటే మాస్టర్ సిలిండర్, పెడల్ తొక్కితే బ్రేక్ ఫ్లూయిడ్‌ని చక్రాల దగ్గరికి తోసేది. బ్లీడింగ్ అంటే పైపుల్లో చిక్కిన గాలిని బయటికి తీసెయ్యడం. నేను విన్న ప్రతిసారీ కడుపు మండుతుంది. ఎందుకంటే ఈ మాట నమ్మి మా నాన్న పాత మారుతి 800కి మూడుసార్లు బ్లీడింగ్ చేయించాం. సంక్రాంతికి నెల్లూరు వెళ్ళాల్సిన వారం అది. చెన్నైలో కత్తిపారా ఫ్లైఓవర్ దిగుతుంటే ట్రాఫిక్ ఆగింది. నాన్న కాలు పెడల్ మీదే ఉంది, తియ్యలేదు. ఆ కాలి కిందే పెడల్ మెల్లగా దిగిపోవడం మొదలైంది. వాలు మీద బండి జరుగుతూ వెళ్ళి, హ్యాండ్ బ్రేక్ లాగాక, ముందున్న ఆటోకి జానెడు దూరంలో ఆగింది. ఇంటికొచ్చి చూస్తే మాస్టర్ మీది డబ్బాలో బ్రేక్ ఆయిల్ గీత దగ్గరే ఉంది. నాలుగు చక్రాల దగ్గరా పొడిగా ఉంది.

లీకు ఉంది. కానీ అది బయటికి కాదు, లోపల్లోపలే.

(సైకిల్ పంపు చేతిలోకి తీసుకుని.)

ఇది చూడండి. సైకిల్ పంపు కొట్టని చిన్నతనం ఉండదు కదా. దీని కడ్డీ చివర బోర్లించిన గిన్నెలా ఒక తోలు వాషర్ ఉంటుంది. కిందికి నొక్కితే గాలి ఆ గిన్నె అంచుల్ని గొట్టం గోడకి ఒత్తుతుంది, దాంతో గాలికి పక్కనుంచి దారి ఉండదు. పైకి లాగితే అదే అంచు ముడుచుకుని కొత్త గాలిని పక్కనుంచి లోపలికి వదులుతుంది. అంటే ఒక్క తోలు ముక్క, తలుపూ అదే, గడియా అదే.

మాస్టర్ సిలిండర్ ఇంతే. తోలు బదులు రబ్బరు కప్, గాలి బదులు బ్రేక్ ఫ్లూయిడ్. మరి ఆ రబ్బరు మోసే బరువు చూడండి. కాలు 20 కిలోల బలంతో నొక్కిందనుకుందాం. పెడల్ లివర్ దాన్ని 5 రెట్లు చేస్తే 100 కిలోలు. బోర్, అంటే సిలిండర్ లోపలి గొట్టం, ముప్పావు అంగుళం వెడల్పైతే దాని వైశాల్యం సుమారు 2.85 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీద 35 కిలోలు! కారు టైర్లో మనం కొట్టించే గాలి 2 కిలోల చిల్లర. కాలి బలాన్ని పెంచే బూస్టర్ ఉన్న బండిలో ఈ లెక్క ఇంకా పెరుగుతుంది. ఇదంతా ఆపుతున్నది గోరంత పలచని రబ్బరు అంచు.

ఇప్పుడు వాషర్ అరిగిన సైకిల్ పంపు గుర్తు చేసుకోండి. మెల్లగా కొడితే టైరుకి గాలి ఎక్కదు, పక్కనుంచి జారిపోతుంది. దబదబా కొడితే ఎక్కుతుంది. అరిగిన మాస్టర్ కూడా అచ్చం అలాగే. గట్టిగా తొక్కితే ప్రెషర్ పెరిగి అంచుని గోడకి అదుముతుంది, పెడల్ నిలబడుతుంది. సిగ్నల్ దగ్గర కాలు ఊరికే ఆనించి ఉంచితే అంచు వదులవుతుంది, ఫ్లూయిడ్ కప్ వెనక్కి జారి మళ్ళీ డబ్బాలోకే వెళ్ళిపోతుంది. డబ్బాలో మట్టం తగ్గకపోవడానికి కారణం ఇదే. షెడ్డులో మెకానిక్ ఒక్కసారి బలంగా తొక్కి "బాగుంది" అనడానికి కారణమూ ఇదే.

కాబట్టి పరీక్ష మెత్తగా చెయ్యండి. బండి ఆపి, ఇంజన్ ఆన్‌లో ఉంచి, పెడల్‌ని తేలిగ్గా నొక్కి అర నిమిషం పట్టుకోండి. ఇంజన్ స్టార్ట్ చేసిన క్షణంలో పెడల్ కొంచెం దిగి ఆగితే అది బూస్టర్ పని, భయం లేదు. ఆగకుండా దిగుతూనే ఉంటే, బయట ఎక్కడా తడి లేకపోతే, మాస్టర్ మీదే అనుమానం పెట్టుకోండి. పెడల్ స్పాంజిలా మెత్తగా ఉంటే గాలి. మొదటిసారి లోతుగా వెళ్ళి, రెండోసారి తొక్కితే పైకొస్తే వెనక డ్రమ్ముల అడ్జస్ట్‌మెంట్ కూడా చూడాలి. ఈ మూడింటికీ ఒకే మందు బ్లీడింగ్ అంటే ఎలా?

అసలు మా బండికి బ్లీడింగ్ చేసిన ప్రతిసారీ పెడల్ ఇంకా పాడైంది. ఎందుకో దీంట్లో కనిపిస్తుంది.

(కోసిన సిలిండర్‌ని కెమెరాకి దగ్గరగా.)

చెన్నై పుదుప్పేటలో తుక్కు కింద కొన్న పోత ఇనుప సిలిండర్ ఇది. మీకు చూపించడానికే నిలువుగా కోయించాను. ఈ సగం చూడండి, అద్దంలా మెరుస్తోంది. రోజూ కప్ తిరిగిన చోటు ఇది. ఇక్కడ సన్నగా నల్లటి గీత. గీత దాటాక గోధుమ రంగు, వేలితో రాస్తే గరుకు. ఏళ్ళ తరబడి పిస్టన్ అంత లోపలికి ఎప్పుడూ వెళ్ళలేదు, అక్కడ తుప్పూ మడ్డీ పేరుకున్నాయి. బ్లీడింగ్‌లో చక్రం దగ్గర గాలి వదిలే నిపుల్ వదులు చేసి పెడల్‌ని నేలదాకా తొక్కిస్తారు కదా, అప్పుడు ఆ పాత రబ్బరు వెళ్ళి ఈ గరుకు మీద గీరుకుంటుంది. అప్పటిదాకా కాస్తో కూస్తో పట్టిన అంచు కూడా చిరుగుతుంది. పాత బండికి బ్లీడింగ్ చేస్తే పెడల్ కింద చెక్క ముక్క పెట్టి, పూర్తిగా దిగకుండా ఆపండి. దయచేసి ఈ ఒక్కటి గుర్తుంచుకోండి.

ఈ తుప్పు ఎక్కడిదంటారా? బ్రేక్ ఫ్లూయిడ్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. మన చెన్నై గాలి సంగతి తెలిసిందే, ఉప్పు డబ్బా మూత తీసి పెడితే సాయంత్రానికి గడ్డ కడుతుంది. డాట్ 3 రకం ఫ్లూయిడ్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. 3.7 శాతం నీళ్ళు చేరితే అదే 140కి పడిపోవచ్చు. అందుకే సగం వాడి అటక మీద పెట్టిన సీసా మళ్ళీ వాడొద్దు.

ఇంకో బాధ కూడా చెప్పాలి. మనందరం దీన్ని "బ్రేక్ ఆయిల్" అంటాం, నేనూ అంటాను. ఆ పేరే కొంప ముంచుతోంది. ఇది ఆయిల్ కాదు. చూడండి, ఈ గ్లాసులో రెండు చుక్కలు వేస్తున్నా... నీళ్ళలో కలిసిపోయింది. ఇప్పుడు ఇంజన్ ఆయిల్ చుక్క... పైన తేలుతోంది. ఈ రెండు గిన్నెల్లో ఒకే రిపేరు కిట్‌లోని ఒకే సైజు రబ్బరు కప్‌లు రెండు రోజుల కిందట వేశాను. ఇది బ్రేక్ ఫ్లూయిడ్‌లో నానింది, సిలిండర్‌లోకి నున్నగా వెళ్తోంది. ఇది డీజిల్లో నానింది, ఉబ్బిపోయి మూతి దగ్గరే ఇరుక్కుంది. షెడ్లలో అన్ని పార్టుల్లాగే మాస్టర్‌ని కూడా డీజిల్లో కడిగేస్తారు. కొత్త కిట్ వేసిన నెలకే బ్రేకులు పట్టేస్తే కిట్‌ని తిడతారు. కడగాలంటే కొత్త బ్రేక్ ఫ్లూయిడ్ లేదా ఐసోప్రొపైల్ ఆల్కహాల్. గ్రీజు ఊసే వద్దు.

సరే, పని. డబ్బాలో ఫ్లూయిడ్ తీసేసి పైపులు విప్పండి. మామూలు డీ స్పానర్‌తో ఆ నట్టు మూలలు అరిగిపోతాయి, పైపు నట్లకని దొరికే స్పానర్ కొనుక్కోండి. పెయింట్ మీద ఫ్లూయిడ్ పడితే వెంటనే నీళ్ళు పొయ్యండి, లేకపోతే పెయింట్ లేచిపోతుంది. సిలిండర్ విప్పి తీసినప్పుడు వెనక వైపు, అంటే బూస్టర్ వైపు తడి ఉందేమో చూడండి. వెనక సీల్ పోతే ఫ్లూయిడ్ బూస్టర్‌లోకి కారి, ఇంజన్ దాన్ని లాగేసుకుంటుంది. అప్పుడు డబ్బాలో తగ్గుతూ ఉంటుంది, బయట చుక్క కనిపించదు.

పిస్టన్‌ని లోపలికి నొక్కి, దాన్ని బయటికి రాకుండా పట్టే రింగు, అంటే సర్‌క్లిప్ తియ్యండి. స్ప్రింగ్ ఎగిరి వస్తుంది, కళ్ళద్దాలు పెట్టుకోండి. లోపల రెండు పిస్టన్‌లు ఉంటాయి. ఒకే గొట్టంలో ఒకదాని ముందు ఒకటి పెట్టిన రెండు సైకిల్ పంపులు అనుకోండి. ఒక లైను పగిలినా రెండోది బండి ఆపుతుంది. కొన్ని మోడళ్ళలో రెండో పిస్టన్‌ని పక్కనుంచి ఒక స్క్రూ పట్టుకుని ఉంటుంది, అది తియ్యకుండా లాగొద్దు. ఏ ముక్క ఏ వరసలో, ఎటు తిరిగి వచ్చిందో ఫోటో తీసుకోండి.

ఇప్పుడు బోర్. లైటు వేసి చూడండి, గోరు పోనిచ్చి చూడండి. గోరు తగిలే గుంటలు ఉంటే ఆ సిలిండర్‌తో ఇక పని లేదు. అక్కడ ఎంత మంచి కప్ వేసినా నిలవదు. మచ్చలే అయితే పోత ఇనుముకి సన్నగా హోనింగ్, అంటే లోపలి గోడని నున్నగా రుద్దించడం, చేయించొచ్చు. అల్యూమినియం బోర్ అయితే వద్దు, దాని మీది గట్టి పొర పోతుంది. నా అభిప్రాయం అడిగితే, మారుతి 800 లాంటి బండికి కొత్త సిలిండర్ జనరల్ ప్యాటర్స్ రోడ్డులో అడిగితే దొరుకుతుంది, అనుమానం ఉంటే కొనెయ్యండి. బోర్ బాగుందంటేనే కిట్. పార్టు దొరకని పాత బండ్లకి ఈ రిపేరు నిజంగా ప్రాణం పోస్తుంది. కిట్ మాత్రం పేరున్న కంపెనీదే తీసుకోండి. మన చెన్నై పాడిలోనే 1962 నుంచి బ్రేక్స్ ఇండియా కంపెనీ ఉంది, నకిలీ కిట్‌లు మనకెందుకు?

వీడియో పెద్దదైపోతోంది, మిగతాది త్వరగా చెప్పేస్తాను. సైకిల్ పంపు వాషర్ తిరగేసి బిగిస్తే ఏమవుతుంది? ఎంత కొట్టినా గాలి ఎక్కదు. ఇక్కడా అంతే. ప్రెషర్ పుట్టే వైపుకి కప్ అంచు తిరిగి ఉండాలి, మీ ఫోటో చూసి వెయ్యండి. అన్నీ కొత్త ఫ్లూయిడ్‌లో ముంచి, స్క్రూడ్రైవర్ తగలనివ్వకుండా వేళ్ళతోనే తొయ్యండి. బోర్ గోడలో మిల్లీమీటరు కన్నా సన్నటి రంధ్రం ఒకటి ఉంటుంది. దాన్ని తీగతో పొడవొద్దు, గరుకు లేస్తే కొత్త కప్‌ని కోసేస్తుంది.

ఆ రంధ్రం చాలా ముఖ్యం. బ్రేకులు వేడెక్కి ఫ్లూయిడ్ వ్యాకోచిస్తే దాని గుండానే డబ్బాలోకి తిరిగొస్తుంది. పిస్టన్‌ని తోసే కడ్డీకి, అంటే పుష్‌రాడ్‌కి, మాన్యువల్లో చెప్పినంత ఖాళీ లేకపోతే కప్ ఆ రంధ్రాన్ని మూసేసి కూర్చుంటుంది, పది కిలోమీటర్లు పోయేసరికి బ్రేకులు వాటంతటవే పట్టేస్తాయి.

బిగించే ముందే సిలిండర్‌ని వైస్‌లో పట్టి, రెండు గొట్టాలు డబ్బాలోకి తిప్పి పెట్టి, బుడగలు ఆగేదాకా పిస్టన్‌ని మెల్లగా నొక్కండి. తర్వాత బండికి బిగించి, మాన్యువల్ చెప్పిన వరసలో చక్రాల బ్లీడింగ్. పెడల్ కింద చెక్క మర్చిపోవద్దు. మళ్ళీ అదే మెత్తటి పరీక్ష, ఈసారి ఒక నిమిషం. నాన్న బండిలో నేనే కూర్చుని పట్టుకున్నాను, పెడల్ కదల్లేదు.

ఆ రాత్రి నెల్లూరు బయల్దేరలేదు. సిలిండర్ కింద తెల్ల కాగితం పరిచి వదిలేశాం. పొద్దున్న చూస్తే కాగితం పొడిగా ఉంది. ముందు మా వీధిలో నాలుగు చక్కర్లు కొట్టి, ఆ తర్వాతే హైవే ఎక్కాం.