కర్ల్ కమాండ్‌లోనే పాస్‌వర్డ్ కొట్టేస్తున్నారా?

హాయ్ అండి, కర్ల్ అంటే టెర్మినల్ నుంచే సర్వర్‌కి రిక్వెస్ట్ పంపే టూల్. ఇవాళ్టిది చిన్న టాపిక్కే, కానీ దీనివల్ల నాకు ఒక మధ్యాహ్నం మొత్తం పోయింది కాబట్టి చెప్పాల్సిందే.

(స్క్రీన్ మీద టెర్మినల్)

ఇదిగో చూడండి, కర్ల్, మైనస్ యు, అడ్మిన్ కోలన్ 1234, తర్వాత యూఆర్‌ఎల్. ఎంటర్ కొట్టా, డేటా వచ్చేసింది, బానే ఉంది. ఇప్పుడు పాత కమాండ్లు చూపించే హిస్టరీ కొడతా... పాస్‌వర్డ్ ఎంచక్కా అక్కడే కూర్చుంది! అదే మిషన్‌లో ఇంకెవరైనా, నడుస్తున్న ప్రోగ్రామ్‌లు చూపించే పీఎస్ కొట్టినా అంతే, కర్ల్ దాన్ని చెరిపేయడానికి ట్రై చేస్తుంది గానీ ఈలోపు ఒక్క క్షణం కనిపించే ఛాన్స్ ఉంది.

సరే, పంపిన రిక్వెస్ట్ వివరాలు కూడా చూపించే మైనస్ వి పెట్టి మళ్లీ కొడదాం. ఆథరైజేషన్, బేసిక్, ఆ పక్కన ఏవో పిచ్చి అక్షరాలు, చివర్లో రెండు ఈక్వల్ గుర్తులు. చాలామంది ఇది ఎన్‌క్రిప్షన్ అనుకుంటారు, కాదండి బాబూ, అది ఉత్త బేస్64, అంటే ఎవరైనా వెనక్కి మార్చేయగల రాత, డీకోడ్ చేశానా... అడ్మిన్ కోలన్ 1234 బయటికొచ్చేసింది. అందుకే హెచ్‌టీటీపీఎస్ లేని చోట బేసిక్ ఆథ్, అంటే యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ ఇలా పంపే పద్ధతి, వద్దు, ఇక ఎర్రరొచ్చిందని ఈ అవుట్‌పుట్‌ని అలాగే టీమ్ వాట్సాప్ గ్రూపులో పడేసేవాళ్లకి ఓ దండం.

మరి ఏం చేయాలంటే, మైనస్ యు తర్వాత యూజర్‌నేమ్ ఒక్కటే ఇవ్వండి, పాస్‌వర్డ్ కర్లే అడుగుతుంది. స్క్రిప్ట్ అయితే హోమ్ ఫోల్డర్‌లో డాట్ నెట్‌ఆర్‌సీ అని ఫైల్ పెట్టి అందులో మెషీన్ (అంటే సర్వర్ పేరు), లాగిన్, పాస్‌వర్డ్ రాసి, సీహెచ్‌మాడ్ 600 కొట్టి, కర్ల్‌కి మైనస్ ఎన్ ఇస్తే చాలు, ఆ ఫైల్ నుంచే చదువుకుంటుంది. అందులోనూ పాస్‌వర్డ్ మామూలుగానే కనిపిస్తుంది, కాకపోతే ఆ ఫైల్ మీరు, మిషన్ అడ్మిన్ (రూట్) తప్ప మిగతా యూజర్లు తెరవలేరు.

నా మధ్యాహ్నం పోయింది ఇక్కడే. పైథాన్‌లో వెబ్ రిక్వెస్టులు పంపే రిక్వెస్ట్స్ లైబ్రరీ ఉంది కదా, మనం చెప్పకపోయినా ఈ నెట్‌ఆర్‌సీని తనంతట తనే చదివేస్తుంది. నేను రిక్వెస్ట్‌తో వెళ్లే హెడర్లో బేరర్ టోకెన్, అంటే పాస్‌వర్డ్ బదులు పంపే కీ, పెట్టా, 401, అంటే లాగిన్ చెల్లలేదని. టోకెన్ మార్చా, మళ్లీ 401, సర్వర్ టీమ్‌ని మనసులో తిట్టుకున్నా కూడా. చివరికి రెస్పాన్స్ డాట్ రిక్వెస్ట్ డాట్ హెడర్స్ ప్రింట్ చేస్తే అందులో బేరరే లేదు, బేసిక్ ఉంది! ఎప్పుడో పెట్టి మర్చిపోయిన నెట్‌ఆర్‌సీ ఎంట్రీ నా హెడర్ని తీసేసి తను కూర్చుంది, డాక్యుమెంటేషన్‌లో రాసే ఉంది, చదివితే కదా.

రిక్వెస్ట్స్ సెషన్‌లో ట్రస్ట్ ఎన్వ్ అనే సెట్టింగ్‌ని ఫాల్స్ చేస్తే నెట్‌ఆర్‌సీ జోలికి పోదు, కానీ ఎన్విరాన్‌మెంట్‌లో పెట్టిన ప్రాక్సీ సెట్టింగులు కూడా దాంతోపాటే పోతాయి, అందుకే ఆఫీసు ప్రాక్సీ వెనకాల ఉన్న నేను ఆ పాత ఎంట్రీనే పీకేశా.