చార్మినార్ దగ్గర నడక

(తెర మీద: చార్మినార్ చుట్టూ బస్సులు, ఆటోలు తిరుగుతున్న పాత దృశ్యం)

ఒకప్పుడు చార్మినార్ కింద నిలబడి తలెత్తి చూడాలంటే భయమే. ఏ ఆటో వచ్చి తగులుతుందో అని టెన్షన్. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్ షా కట్టించిన కట్టడాన్ని మనం ట్రాఫిక్ ఐలాండ్ చేసేశాం.

అసలు ఈ చోటు నడిచేవాళ్లదే. నాలుగు దిక్కులకు నాలుగు కమాన్లు, నాలుగు దారులు. ఉత్తరానికి నడిస్తే గుల్జార్ హౌజ్ అనే పాత ఫౌంటెన్, దాని చుట్టూ చార్ కమాన్ అనే మరో నాలుగు కమాన్లు. పడమటికి తిరిగితే లాడ్ బజార్, లక్క గాజుల మెరుపు. నైరుతిలో మక్కా మసీదు. ఇవన్నీ కాలినడక దూరంలోనే ఉన్నాయి.

(తెర మీద: మినార్ మీది గచ్చు పని, దగ్గరగా)

పొగ మనుషులనే కాదు, కట్టడాన్నీ తింటుంది. ఈ నగిషీ అంతా సున్నపు గచ్చు. దాని మీద మసి పేరుకుంటుంది. బరువైన బండ్లు తిరిగితే నేల అదురుతుంది. 2019 మేలో ఒక మినార్ నుంచి పెచ్చు ఊడి పడినప్పుడు, ఇది ఎంత సున్నితమైనదో అందరికీ తెలిసింది.

బండ్లు ఆపాలన్న మాట 1990ల నుంచీ ఉంది. కట్టడం చుట్టూ వాహనాలు నిలిపేసి, ట్రాఫిక్‌ను వెలుపలి రోడ్లకు మళ్లించి, లోపల గ్రానైట్ రాళ్లు పరవాలి. వినడానికి తేలికే. కానీ వెలుపలి రోడ్లు వెడల్పు చేయాలంటే పాతబస్తీలో ఇళ్లూ దుకాణాలూ తీయాలి. ఆ దారి చూపకుండా మూసేస్తే రద్దీ అంతా పక్క గల్లీల్లోకి పోతుంది. అందుకే ఈ పని ఏళ్ల తరబడి సాగింది.

రాళ్లు పరిచారు, బండ్లు తగ్గాయి. 2021 అక్టోబరులో ఆదివారం సాయంత్రాల సంబరం మొదలైతే జనం పిల్లలతో సహా వచ్చి రోడ్డు మధ్యలో నింపాదిగా తిరిగారు. ఆ దృశ్యం చూస్తే నాకు నిజంగా సంతోషం వేసింది.

(తెర మీద: తోపుడు బండి, గొడుగు, పళ్లు)

మరి ఈ పళ్ల బండి ఆయన సంగతి? నడిచేవాళ్ల కోసం అని చెప్పి తోపుడు బండ్లను తరిమేస్తే నేను ఒప్పుకోను. చౌక్‌కు ప్రాణం వాళ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, ముందు సర్వే చేయాలి, అది పూర్తయ్యేదాకా ఎవరినీ లేపకూడదు. వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. డిజైన్ గీసేటప్పుడే వాళ్ల చోటు కూడా గీయాలి.

ఇంకొకటి, ఎండ. మే నెలలో గ్రానైట్ కాలిపోతుంది. ఎగుడుదిగుడు రాళ్ల మీద వీల్‌చైర్ అదురుతుంది. ఉత్తరాన మదీనా చౌరస్తాలో దిగిన మోకాళ్ల నొప్పుల పెద్దమ్మకు చార్మినార్ అర కిలోమీటరు పైనే. గుల్జార్ హౌజ్ వచ్చేలోపు ఆమెకు కాసేపు కూర్చోవడానికి ఒక బెంచీ, దాని మీద నీడ, పక్కన తాగే నీళ్లు, శుభ్రమైన టాయిలెట్ కావాలి.