కథ అయిపోయినాక నీతి అడగొద్దు

(తెలుగు భాషా దినోత్సవం నాడు కడపలో జరిగిన ఉపాధ్యాయుల సభలో చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకు, ఎండలో ఇంత దూరం వచ్చిన అయ్యవార్లకు, టీచరమ్మలకు నమస్కారం. పెద్దల పేర్లు నాకంటే ముందు మాట్లాడినవాళ్ళు వరుసగా చదివేశారు కాబట్టి నేను మళ్ళీ చదవను. ఎవరూ అలగొద్దు. నాకిచ్చిన టైం తక్కువ, అందులో కొంత శాలువా తినేసింది.

ఈరోజు గిడుగు రామమూర్తి గారి జయంతి. 1863 ఆగస్టు 29న పుట్టారు. వాడుక భాష కోసం ఆయన చేసిన పోరాటం గురించి పొద్దుట్నుంచీ వింటూనే ఉన్నారు. నేను ఒక్కమాటే కలుపుతాను. సవర అనే గిరిజన తెగ పిల్లలకు చదువు చెప్పాలంటే ముందు తాను సవర భాష నేర్చుకోవాలని ఆయన అనుకున్నారు. నేర్చుకుని, ఆ భాషలో వాచకాలు రాశారు. పిల్లవాడు బడి దగ్గరికి రావడం కాదు, బడే పిల్లవాడి మాట దగ్గరికి పోయింది.

మన ఊరికి కూడా ఇందులో వాటా ఉంది. 1820లో కడపకు వచ్చిన ఇంగ్లీషు అధికారి సి.పి. బ్రౌన్ దొర గురించి చెప్పమంటే అందరూ వేమన పద్యాలంటారు, 1852 నిఘంటువు అంటారు. ఆయన తాతాచారి కథలు కూడా అచ్చు వేయించాడని చెప్పేవాళ్ళు తక్కువ. తన దగ్గర పనిచేసిన తాతాచారి చెప్పిన సరదా కథల్ని, వాడుక మాటల్లోనే రాయించి పుస్తకం చేశాడు. వ్యాకరణం రాసిన మనిషికి వ్యాకరణం ఒక్కటే చాలదని తెలుసు. భాష నేర్చుకునేవాడికి నవ్వొచ్చే కథ కావాలని ఆ దొరకు తట్టింది. మన పాఠ్య ప్రణాళికల కమిటీలకు ఎందుకు తట్టదో మరి.

నేను చెప్పదలచుకున్నది చిన్న విషయం. పిల్లవాడు కథ విని, నవ్వాల్సిన చోట నవ్వితే వాడికి భాష వచ్చినట్టే. అంతకన్నా పెద్ద పరీక్ష లేదు. ప్రశ్నకు జవాబు పక్కవాడి దాంట్లో చూసి రాయొచ్చు. నవ్వు మాత్రం చూసి రాసేది కాదు. పక్కవాడు నవ్వాడని నవ్వే పిల్లవాడు అరక్షణం ఆలస్యంగా నవ్వుతాడు. క్లాసులో నిలబడ్డవాళ్ళకు ఆ తేడా కనబడుతుంది.

ఏడు చేపల కథే తీసుకోండి. మీలో ఆ కథ రానివాళ్ళు ఎవరైనా ఉంటే చెయ్యెత్తండి. లేరు గదా! చేప ఎండలేదు, ఆవు మేయలేదు, పాలేరు మేపలేదు, అవ్వ అన్నం పెట్టలేదు. అన్నిటికీ చివర ఒకటే మాట, "లేదు". ఆడా, మగా, ఒకరా, పదిమందా అనే బాధ లేదు. తెలుగు కొత్తగా నేర్చుకునే పిల్లలకు ఇంతకంటే సులువైన దారి ఏముంటుంది? కడపలో ఇంట్లో ఉర్దూ మాట్లాడే పిల్లలున్నారు. ఆదోని, మడకశిర వైపు పోతే కన్నడం మాట్లాడే పిల్లలున్నారు. వాళ్ళ నోట ముందు పలికేది ఈ "లేదు". మళ్ళీ అదే కథను తిరగేసి చెప్పండి. చీమ కుట్టలేదు, పాప ఏడవలేదు, అవ్వ అన్నం... అని ఆపండి. "పెట్టింది!" పాలేరు ఆవును... "మేపినాడు!" మేయడం ఎవరి పని, మేపడం ఎవరి పని అనేది వ్యాకరణం పేరెత్తకుండానే పట్టుబడుతుంది.

ఇక అసలు తమాషా ఏమంటే, మీరు కావాలని తప్పు చెప్పాలి. "అవ్వ గడ్డి మేసింది, ఆవు అన్నం పెట్టింది" అనండి, చాలు. రెండో తరగతి పిల్లలు బెంచీల మీద పడి దొర్లుతారు. "కాదు సార్, కాదు సార్" అని మీద పడతారు. అంతవరకు నోరు మెదపని పిల్ల కూడా లేచి సార్‌ను సరిదిద్దుతుంది. సార్‌కే తప్పు వచ్చిందంటే పిల్లలకు ఎంత ధైర్యమో!

ఇక్కడ నా గోడు ఒకటి చెప్పుకోవాలి. అధ్యక్షులు వాచీ చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి.

పెన్న ఒడ్డున ఒక ఊళ్ళో పనిచేసేటప్పుడు మూడో తరగతికి పరమానందయ్య శిష్యుల కథ చెబుతున్నాను. ఏరు దాటాలి. ఏరు మేలుకునుందో నిద్రపోతోందో చూసి రమ్మంటే ఒక శిష్యుడు మండే కొరివి తీసుకుపోయి నీళ్ళలో పెట్టాడు. చుయ్‌మంది. "అమ్మో, మేలుకునే ఉంది!" అని ఉరికొచ్చాడు. కాసేపాగి అదే ఆరిపోయిన కొరివితో పోయాడు. చప్పుడు లేదు. నిద్రపోయిందన్నాడు. నేను చాక్‌పీసునే కొరివి చేసి, బకెట్లో పెట్టి చుయ్‌మని చూపిస్తున్నాను.

వెనక బెంచీలో ఒక పిల్లవాడు. ఇంట్లో అంతా ఉర్దూ. బడిలో చేరినప్పటినుంచి "ఆ సార్", "లేదు సార్" తప్ప వాడి నోట తెలుగు విన్న పాపాన పోలేదు. ఆరోజు లేచి నిలబడి, "సార్, మన పెన్న ఎప్పుడూ నిద్రనే గదా, కొరివి ఎందుకు?" అన్నాడు. క్లాసు క్లాసంతా ఘొల్లుమంది. కిటికీలోంచి చూస్తే ఇసుక తప్ప ఏమీ లేని పెన్న. ఆ వాక్యంలో "ఎప్పుడూ" ఉంది, "గదా" ఉంది, "ఎందుకు" ఉంది, పైగా వెటకారం కూడా ఉంది! భాష నేర్పేవాడికి ఇంకేం కావాలి చెప్పండి.

అప్పుడే తలుపు దగ్గర తనిఖీకి వచ్చిన అధికారి. "ఇది క్లాసా, సంతా?" అన్నారు. పిల్లలు గప్‌చుప్. ఆయన ఆ పిల్లవాణ్ణే లేపి, "ఏం కథ విన్నావు? ఈ కథలో నీతి ఏమిటి?" అని అడిగారు. వాడు నా వైపు చూశాడు, తర్వాత నేల చూశాడు. కాలి బొటనవేలితో గచ్చు మీద గీస్తూ నిలబడ్డాడు. రిజిస్టర్‌లో "తరగతిలో క్రమశిక్షణ కొరవడినది" అని రాసిపోయారు. కొరవడినది అట! ఆ మాట మూడో తరగతికి చెప్పి చూడండి, దానికీ నవ్వుతారు.

రిజిస్టర్ పోతే పోయింది. ఆ తర్వాత చాలా వారాలు ఆ పిల్లవాడు మళ్ళీ "ఆ సార్", "లేదు సార్" దగ్గరికే పోయాడు. నాకు కోపం అందుకు. ఇప్పటికీ ఉంది.

ఏడు చేపల కథలో నీతి ఏమిటండీ? నా బంగారు పుట్టలో వేలు పెడితే కుట్టనా అంటుంది చీమ. అంతే! దానికి నీతి వెతకబోతే చీమ మనల్నే కుడుతుంది. మీ గైడ్లలో ప్రతి కథ కిందా "ఈ కథ వలన మనం తెలుసుకున్నది" అని ఒక ఖాళీ గీత ఉంటుంది చూడండి, దాన్ని ఒక్క ఏడాది కొట్టేసి చూడండి. దాని బదులు "నీకు నవ్వు ఎక్కడ వచ్చింది?" అని అడగండి.

అయితే ఒక జాగ్రత్త. కథను చూసి నవ్వడం వేరు, పిల్లను చూసి నవ్వడం వేరు. "యాడికి పోతావ్?" అన్న పిల్లను పట్టుకుని "యాడికి కాదు, ఎక్కడికి" అని పదిమందిలో వెక్కిరిస్తే ఆ పిల్ల ఇక నోరు విప్పదు. ఇప్పటికే సినిమాల్లో మన యాస వినబడిందంటే సుమోలు గాల్లోకి లేస్తున్నాయి. మన మాటకు కత్తి తప్ప నవ్వు తెలియదని లోకం అనుకుంటోంది. మన ఇళ్ళలో అవ్వలు చెప్పే కథలు వినలేదు వాళ్ళు. రచ్చబండ మీద కూర్చుని ముఖం కదపకుండా పదిమందిని నవ్వించే తాతలను చూడలేదు.

చీటీ వచ్చింది. ఆపమంటున్నారు. ఆపుతాను గానీ, ఒక షరతు. మీరంతా నోట్‌బుక్కుల్లో ఏదేదో రాసుకుంటున్నారు, అవి మూసేయండి. ఒకరు వచ్చి మీ ఊళ్ళో చెప్పుకునే నవ్వుల కథ ఒకటి, మీ ఊరి మాటల్లోనే చెప్పాలి. పుస్తక భాష వద్దు, నీతి అసలే వద్దు. ఆ చివర కిటికీ పక్కన ఇందాకట్నుంచి నవ్వాపుకుంటున్న మేడం... మీరేనమ్మా. ఏ ఊరు? జమ్మలమడుగా? రండి. అబ్బాయ్, ఆ మైకు కాస్త కిందికి దించు.